పడవ, జంట, కెమెరా: పాపికొండల కొండరెడ్ల ఛాయాచిత్రాలపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

గోదావరి కనుమలోని కొండరెడ్డి గ్రామాలు ఎనిమిది దశాబ్దాలుగా కెమెరాకు విషయంగా ఉన్నాయి. 1941లో క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, బెట్టీ దంపతుల క్షేత్రపర్యటనలో రూపొందిన చిత్రాలు ఒక కొస. నేటి విహారయాత్రలో రేవు దగ్గర తీసుకునే చిత్రాలు మరో కొస. ఈ రెంటినీ ఒకదాని పక్కన ఒకటి ఉంచి, చిత్రంలోని వ్యక్తికి పేరు ఎక్కడ పోయింది, జంటగా చేసిన ప్రయాణం చూపును ఎలా మార్చింది, పోలవరం ముంపు ఈ చిత్రాల అర్థాన్ని ఎటు తిప్పింది అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కొండరెడ్లు, హైమన్‌డార్ఫ్, పాపికొండలు, ఛాయాచిత్రం, యాత్రాసాహిత్యం, ముంపు.

1. ఉపోద్ఘాతం

గోదావరి మీద విహారయాత్రకు స్థిరమైన క్రమం ఒకటి ఏర్పడింది. పోలవరం వైపు నుంచి గాని, భద్రాచలం దిగువన పోచవరం రేవు నుంచి గాని లాంచీ కదులుతుంది. ఆపైన ఇరుకైన కనుమ, కనుమ గోడల్లాంటి పాపికొండలు, పేరంటాలపల్లిలో శివాలయం. పేరంటాలపల్లి రేవులో వెదురుతో చేసిన బుట్టలు, పూలసజ్జలు అమ్మే కొండరెడ్డి స్త్రీలు ఉంటారు. యాత్రికులు, వారిలోనూ కొత్తగా పెళ్లయిన జంటలు, ఇక్కడ దిగి ఫోటోలు తీసుకుంటారు. ఆ ఫోటోల నేపథ్యంలో కొండ ఎంత సహజంగా ఒదుగుతుందో బుట్టలమ్మే స్త్రీ కూడా అంతే సహజంగా ఒదిగిపోతుంది.

తెలుగులో యాత్రాసాహిత్య విమర్శ, ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’ మొదలుకొని, ప్రధానంగా వచనం చుట్టూ తిరిగింది. యాత్రికుడు ఏమి రాశాడన్నది పరిశీలనకు వచ్చినంతగా ఏమి చిత్రించాడన్నది రాలేదు. ప్రయాణం నేడు రాతకన్నా ఎక్కువగా చిత్రంగానే నమోదవుతున్నది కనుక ఈ లోటును పూరించుకోవలసిన అవసరం ఉంది. అందుకు పాపికొండలు తగిన క్షేత్రం. ఇక్కడ ఒకే నదీతీరానికి, ఒకే సమూహానికి సంబంధించి రెండు కాలాల చిత్రాలు పోల్చి చూడటానికి వీలుంది.

2. 1941: నది వెంట ఒక జంట

హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో జన్మించిన మానవశాస్త్రవేత్త. 1938లో ఆంగ్లేయురాలైన ఎలిజబెత్ బెట్టీ బర్నార్డోను వివాహం చేసుకున్నారు. 1939లో దంపతులు భారతదేశంలో ఉండగా రెండవ ప్రపంచయుద్ధం మొదలైంది. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోవడంతో ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. శత్రుదేశీయుడిగా లెక్కకు వచ్చి, ఆయన సంచారం నిజాం రాజ్యానికి పరిమితమైంది. 1940లో నల్లమల చెంచులను, 1941లో గోదావరి తీరపు కొండరెడ్లను, ఆ వెంటనే ఆదిలాబాదు రాజగోండులను అధ్యయనం చేయడానికి ఈ నిర్బంధమే దారి తీసింది. ‘ది చెంచూస్’ 1943లోనూ, ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ 1945లోనూ, ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ 1948లోనూ వెలువడ్డాయి. ఆయన తీసిన ఛాయాచిత్రాలు, చలనచిత్రాలు లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో భద్రపరచబడ్డాయి.

రెండవ గ్రంథం పేరులోని ‘బైసన్ హిల్స్’ పాపికొండలే. నాడు గోదావరి కుడిగట్టు హైదరాబాదు రాజ్యంలోను, ఎడమగట్టు మద్రాసు రాజధానిలోను ఉండేవి. కనుమలో నదే రహదారి. కోయిద, కట్కూరు, కాకిస్‌నూరు వంటి తీరగ్రామాలకు పడవదారి ఉండగా, కొండమీది ఊళ్లకు కాలిదారి తప్ప మరొకటి లేదు. ఈ భౌగోళిక భేదం గ్రంథంలో వాదంగా మారింది. పోడు చేసుకుంటూ, జీలుగు చెట్టు మీద, అడవి దుంపల మీద ఆధారపడి బతికే కొండమీది రెడ్లు ఒకవైపు. కలప, వెదురు వ్యాపారుల కూలికి, అప్పుకు చిక్కిన తీరగ్రామాల రెడ్లు మరొకవైపు. గ్రంథానికి ఉపశీర్షికగా నిలిచిన ‘సాంస్కృతిక సంపర్క అధ్యయనం’ ఈ రెంటి మధ్య దూరాన్ని కొలిచే ప్రయత్నమే.

ఈ విషయం నేటి చిత్రాలను చదవడానికి కూడా కీలకం. పడవకు అందేది రేవు. బయటి వ్యాపారం మొదట చేరినదీ, జీవితాన్ని మొదట మార్చినదీ రేవునే. నేటి యాత్రికుడు ‘నాగరికత సోకని మనుషులు’ అనుకొని చిత్రించే చోటు 1945 నాటికే బయటి ప్రపంచం ఒత్తిడికి అత్యధికంగా గురైన చోటుగా గ్రంథస్థమైంది.

3. వచనంలో పేరు, చిత్రంలో తెగ

హైమన్‌డార్ఫ్ వచనానికి బలం వ్యక్తులు. తగవులు, పెళ్లిళ్లు, వలసలు, అప్పులు ఫలానా ఊరి ఫలానా మనిషి కథలుగా వస్తాయి. సమూహాన్ని గురించిన సూత్రీకరణ ఆ కథల మీదనే నిలబడుతుంది. పుటల మధ్య చిత్రపటాల దగ్గరకు వచ్చేసరికి పద్ధతి మారుతుంది. అక్కడి వ్యాఖ్య ఎక్కువగా తెగ, లింగం, ఊరు, చేస్తున్న పని వరకే ఆగుతుంది. వచనంలో పేరున్న మనిషి చిత్రంలో తెగకు నమూనా అవుతాడు.

దీనికి ఒక వారసత్వం ఉంది. వలస ప్రభుత్వం 1868-1875 మధ్య ఎనిమిది సంపుటాలుగా ప్రచురించిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’, 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాలుగా వెలువరించిన ‘క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’ మనిషి ముఖాన్ని కులానికో తెగకో గుర్తుగా నిలిపాయి. పాలనకు కావలసింది వర్గీకరణ. వర్గీకరణకు పేరుతో పని లేదు. మాలినోవ్‌స్కీ ప్రభావంలో శిక్షణ పొందిన హైమన్‌డార్ఫ్ క్షేత్రపరిశోధనలో ఆ ధోరణిని దాటారు. సుదీర్ఘ నివాసం, భాష నేర్వడం, ఊరివారితో కలిసి బతకడం ఆయన పద్ధతి. ఆయన వచనం ఆ కొత్త పద్ధతిని అందుకుంది; చిత్రవ్యాఖ్య మాత్రం పాత సంపుటాల అలవాటులోనే ఉండిపోయింది.

ఛాయాచిత్రం తీయడంలో స్వాధీనం చేసుకునే స్వభావం ఉందని సూసన్ సొంటాగ్ 1977 నాటి ‘ఆన్ ఫొటోగ్రఫీ’లో వాదించారు. ఆ వాదాన్ని హైమన్‌డార్ఫ్‌కు యథాతథంగా అన్వయిస్తే తీర్పు తేలికవుతుంది గాని, న్యాయం జరగదు. ఆయన 1945లో సమర్పించిన ‘ట్రైబల్ హైదరాబాద్’ నివేదికలు గిరిజనుల భూమిహక్కును, వెట్టిని, వడ్డీవ్యాపారాన్ని ప్రభుత్వం ముందు ఉంచాయి. అయినా పేరులేని చిత్రం పేరులేనిదే. ఉద్దేశం ఎంత మంచిదైనా వ్యాఖ్యలోని ఖాళీని పూరించదు. విమర్శ ఈ రెండు సంగతులనూ కలిపి చెప్పవలసి ఉంటుంది.

4. జంటగా వెళ్లడం

నాటి కొండరెడ్డి ఊరికి వచ్చే పరాయివాళ్లు ఎవరు? అటవీశాఖ ఉద్యోగి, కలప వ్యాపారి మనిషి, పోలీసు, అప్పులు వసూలు చేసేవాడు. అందరూ మగవాళ్లు, అందరిదీ ఏదో ఒకటి తీసుకుపోయే రాక. భార్యతో వచ్చి ఊళ్లో మకాం వేసిన మనిషి ఈ కోవలో ఇమడడు. ఇల్లు, వంట, ఆరోగ్యం వంటి విషయాలలో స్త్రీలతో మాట కలపడానికి బెట్టీ ఉనికి దారి ఇచ్చి ఉంటుందని ఊహించడం అసంగతం కాదు. దంపతులుగా బతకడం ఆ పరిశోధనకు అలంకారం కాదు, ఆధారం.

అయితే ఆ ఆధారానికి తగిన గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. దక్షిణాసియా మానవశాస్త్ర గ్రంథసూచిని బెట్టీ స్వయంగా కూర్చారు. 1979లో ‘ది గోండ్స్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ ఇద్దరి పేర్లతో వెలువడింది. చిత్రసంచయం మాత్రం నేటికీ క్రిస్టోఫ్ పేరిటనే ఉంది. కెమెరాకు ఎదురుగా ఉన్న కొండరెడ్డి స్త్రీ పేరు, కెమెరా వెనుక సహకరించిన స్త్రీ పేరు వేరువేరు కారణాల వల్ల వెనక్కి పోయాయి. ఈ రెంటిని సమానం చేయడం పొరపాటు. బెట్టీ చరిత్రను ముద్రిత గ్రంథాల నుంచి తిరిగి నిర్మించవచ్చు. ఆ స్త్రీ చరిత్రకు ఊరి జ్ఞాపకమే ఆధారం.

ఈ దంపతుల విషయంలో తిరిగిరావడం కూడా ముఖ్యమే. 1976లో ఉద్యోగ విరమణ తరువాత వారు పాత క్షేత్రాలకు మళ్లీ వచ్చారు. 1982లో వెలువడిన ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా: ది స్ట్రగుల్ ఫర్ సర్వైవల్’ ఆ పునర్దర్శన ఫలితం. బెట్టీ 1987లో హైదరాబాదులో మరణించగా గోండుల ఊరు మార్లవాయిలో సమాధి చేశారు. 1995లో లండన్‌లో కన్నుమూసిన క్రిస్టోఫ్ అస్థికలు 2012లో అదే చోటికి చేరాయి. ఏటా జనవరిలో అక్కడ వర్ధంతి జరుగుతుంది. చిత్రించిన వారి స్మృతిని చిత్రింపబడిన వారు కాపాడుతున్న అరుదైన సందర్భమిది.

5. రేవు మీద ఆగిన చూపు

నేటి విహారయాత్రకు ఆ వ్యవధి లేదు. రేవులో లాంచీ ఆగే కొద్దిసేపట్లో చూడటం, కొనడం, చిత్రించడం మూడూ జరగాలి. పర్యాటకుడి చూపు వ్యక్తిగత అభిరుచిగా కనిపించినా, అది ముందే ఏర్పాటైన వ్యవస్థ అని జాన్ అరీ 1990లో ‘ది టూరిస్ట్ గేజ్’లో ప్రతిపాదించారు. ఎక్కడ దిగాలో, దేన్ని చూడాలో, ఏ కోణంలో నిలబడాలో యాత్ర మొదలవక ముందే నిర్ణయమై ఉంటాయి. జంట ఫోటోలో కేంద్రం జంటే. స్థానికురాలు ప్రదేశానికి రుజువుగా మాత్రమే వస్తుంది.

ఈ చూపు హద్దు మీరితే ఏమవుతుందో అండమాన్ దీవులు చూపాయి. శ్రీ విజయపురంలో (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) తెలుగువారు గణనీయంగా స్థిరపడ్డారు. పడవ మీద దీవి నుంచి దీవికి తిరిగే యాత్రకు తెలుగు జంటలు కూడా వెళుతుంటాయి. జారవా స్త్రీలను యాత్రికుల ముందు నాట్యం చేయించిన దృశ్యాలు 2012 జనవరిలో వెలుగులోకి వచ్చి దేశమంతటా నిరసన రేగింది. ఆదిమ తెగల రక్షణకు ఉద్దేశించిన 1956 నాటి నిబంధనలను అదే ఏడాది సవరించి శిక్షలను కఠినం చేశారు. కొండరెడ్ల పరిస్థితి అది కాదు. వారు ఓటర్లు, విద్యార్థులు, వ్యాపారం చేసుకొనేవారు. సమ్మతి చెప్పగలరు, నిరాకరించగలరు. కనుక ఇక్కడ నిషేధం కన్నా అడగడం అనే మర్యాద ఎక్కువ అవసరం. బుట్ట ధర అడిగిన నోటితోనే పేరు కూడా అడగవచ్చు.

రేవు మీది మనిషిని నేపథ్యంగా చూడటంలోని డొల్లతనం 2019 సెప్టెంబరు 15న బయటపడింది. కచ్చులూరు దగ్గర విహార పడవ మునిగి యాభైమందికి పైగా ప్రాణాలు కోల్పోయిన ఆ రోజున, ఒడ్డునున్న గ్రామస్థులే నాటుపడవలతో వెళ్లి పలువురిని కాపాడారు. చిత్రంలో అంచున ఉన్నవారు సంఘటనకు కేంద్రమయ్యారు.

6. ముంపు తర్వాత చిత్రం

ఛాయాచిత్రం ‘ఇది ఒకప్పుడు ఉంది’ అని ధ్రువీకరిస్తుందని రోలాఁ బార్త్ సిద్ధాంతం. పాపికొండల విషయంలో ఆ ‘ఒకప్పుడు’ కళ్లముందే ఏర్పడుతున్నది. 2014లో రాష్ట్ర పునర్విభజన చట్టం పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. ముంపు ప్రాంతాలైన వేలేరుపాడు, కుక్కునూరు వంటి మండలాలు అదే ఏడాది ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు ఈ మండలాల ఊళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. హైమన్‌డార్ఫ్ దంపతులు తిరిగిన తీరగ్రామాల ప్రజలు పునరావాస కాలనీలకు చేరుతున్నారు.

ఊరు పోయాక దాని చిత్రానికి విలువ మారుతుంది. ఇల్లు ఎక్కడుండేది, పోడు ఏ వాలులో సాగింది, ఏ చెట్టు కింద పండుగ జరిగింది అన్న ప్రశ్నలకు చిత్రం సాక్ష్యమవుతుంది. మానవశాస్త్రానికి నమూనాగా తీసిన ముఖం ఒక కుటుంబానికి ముత్తాత ముఖం కావచ్చు. పాత వ్యాఖ్యలోని లోపం ఇక్కడ కేవలం సిద్ధాంతచర్చగా మిగలదు. పేరు లేకపోతే మనుమడు ఆ చిత్రాన్ని వెతుక్కోలేడు. పేర్లను గుర్తుపట్టగల వృద్ధులు తరిగిపోతున్నారు. ఊళ్లు చెదిరాక వారందరినీ ఒకచోట కలుసుకోవడమూ కష్టమవుతుంది.

ఇది తెలుగు పరిశోధకులు చేయదగిన పని. లండన్ సంచయంలోని కొండరెడ్డి చిత్రాలను పునరావాస కాలనీలకు తీసుకువెళ్లి, పెద్దలకు చూపి, వ్యక్తుల పేర్లు, ఊరి ఆనవాళ్లు, వస్తువుల స్థానిక నామాలు సేకరించి, తెలుగులో కొత్త వ్యాఖ్యలు సమకూర్చవచ్చు. జానపద విజ్ఞానం, మాండలిక పదసేకరణ, మౌఖిక చరిత్ర అనే మూడు రంగాలకూ అది ఏకకాలంలో ఉపకరిస్తుంది. ఆ వ్యాఖ్యలకు కర్తలుగా కొండరెడ్లలోని చదువుకున్న యువతరం ఉండటం సమంజసం.

7. ముగింపు

హైమన్‌డార్ఫ్ దంపతుల చిత్రాలకు, నేటి విహారయాత్రల చిత్రాలకు మధ్య తేడా కెమెరా నాణ్యతలో లేదు. ఎంతకాలం ఉన్నారు, రేవు దాటి కొండ ఎక్కారా, మళ్లీ వచ్చారా, ఎవరి పక్షాన మాట్లాడారు అన్న విషయాలలో ఉంది. ఈ నాలుగింటిలో దంపతుల కృషి మెచ్చదగినది. పేరు నమోదు చేయడం అనే అయిదవ విషయంలో మాత్రం ఆ చిత్రాలూ నేటి చిత్రాలూ ఒకే లోపాన్ని పంచుకుంటున్నాయి. యాత్రాసాహిత్య విమర్శ చిత్రాన్ని కూడా పాఠంగా స్వీకరించినప్పుడే ఈ లోపం కనబడుతుంది. దాన్ని సవరించగల మనుషులు ఇంకా ఉన్నారు. ఆ అవకాశం మాత్రం ఎంతోకాలం ఉండదు.