నల్లమల దాటి వచ్చే పొద్దు

నంద్యాల జిల్లా శిరివెళ్లలో పొద్దు క్యాలెండర్‌లో వేసిన నిమిషానికి పొడవదు. తూర్పున నల్లమల అడ్డం. సూర్యుడు దిగంతం దాటినా కొండ దాటేసరికి ఇంకొంత సేపు పడుతుంది. ఎంత సేపో తెలుసుకోవడానికి యాప్ కూడా అక్కర్లేదు. చెయ్యి బారుగా చాచి చిటికెన వేలు అడ్డంగా పట్టుకుంటే, దాని మందం ఆకాశంలో దాదాపు ఒక డిగ్రీ. చదును నేల అంచు నుంచి కొండ తల దాకా ఎన్ని వేళ్లు పడితే, వేలికి నాలుగు నిమిషాల చొప్పున కలుపుకోవాలి. ఆ కాసేపట్లో సూర్యుడు కొంచెం కుడికి, అంటే దక్షిణం వైపు, ఒరుగుతూ ఎక్కుతాడు. ఏడాది పొడవునా చూస్తే ఆ కదలిక ఇంకా పెద్దది. జూన్ 21 ప్రాంతంలో సరి తూర్పుకు 24 డిగ్రీలు ఎడమగా పొడుస్తాడు, డిసెంబరు 21 ప్రాంతంలో అంతే కుడిగా. చాచిన చేతి చివర పిడికిలి బిగిస్తే పది డిగ్రీలు. ఆ లెక్కన ఆరు నెలల్లో కొండ గట్టు వెంట దాదాపు ఐదు పిడికిళ్ల దూరం నడుస్తాడు.

సరదాకి ఫొటోలు తీసేవాళ్లు మెరుగుపడాలంటే తమ ఊరి తూర్పును చదవడం మొదటి పాఠమని నా నమ్మకం. లెన్సులు తర్వాత కొనుక్కోవచ్చు.

ఉత్తరాది దేశాలను దృష్టిలో పెట్టుకుని రాసిన పుస్తకాలు ఇక్కడ కొంత దారి తప్పిస్తాయి. పొద్దు పొడిచాక గంటసేపు బంగారు వెలుగు ఉంటుందని వాటిలో చదివి తాపీగా బయల్దేరితే మన దగ్గర ఏమీ మిగలదు. మనం 15వ అక్షాంశం దగ్గర ఉన్నాం, సూర్యుడు ఇంచుమించు నిటారుగా ఎక్కేస్తాడు. దిగంతం నుంచి ఆరు డిగ్రీల ఎత్తుకు చేరడానికి పాతిక నిమిషాలు చాలు. పొడవక ముందు ఉండే మసక వెలుతురు కూడా అటూ ఇటూగా 22, 23 నిమిషాలే. జూన్‌లో లండన్ వాళ్లకు అదే ముప్పావు గంట దాటుతుంది. అందుకే నిలబడే చోటు, ఫ్రేములో ఏముండాలి, కరెంటు తీగలు ఎక్కడ అడ్డొస్తాయి అన్నవి ముందురోజు సాయంత్రమే తేల్చుకోవాలి. జూన్‌లో 5:45 ప్రాంతంలో, జనవరి మధ్యలో 6:45 ప్రాంతంలో సూర్యోదయం. దానికి అరగంట ముందే కెమెరా ట్రైపాడ్ మీద ఉండాలి.

కొండ చేసే ఆలస్యం మాత్రం మనకు వరమే. సూర్యుడు ఇంకా చాటున ఉండగానే ఆకాశం వెలిగిపోతుంది, నేల మీద నీడలు గట్టిపడవు. వరి కయ్యల్లో నిలిచిన నీళ్లు, మిద్దెలు, మసీదు మినార్లు అన్నీ ఒకే మెత్తని వెలుతురులో ఉంటాయి. ఊరి బొమ్మకు ఇంతకంటే మంచి సమయం లేదు. వీధి దీపాల వెలుగూ ఆకాశం వెలుగూ సమానమయ్యే ఆ కొద్ది నిమిషాలు దాటితే దీపాలు వెలవెలపోతాయి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. పొద్దు పొడుస్తుంటే అందరూ తూర్పుకే తిరిగి నిలబడతారు. ఊరు కావాలనుకున్నవాళ్లు ఒకసారి పడమటికి తిరగండి. సూర్యోదయానికి ముందు అటువైపు దిగంతం మీద నీలి బూడిద రంగు పట్టీ ఒకటి కనిపిస్తుంది, దాని పైన లేత గులాబీ. ఆ పట్టీ భూమి నీడే. పొద్దు పైకి వచ్చేకొద్దీ అది కిందికి కుంగుతుంది. కొండ దాటిన మొదటి ఎండ నీళ్ల ట్యాంకు తలకు, మినారు కొనకు, మేడల పిట్టగోడలకు తగిలి, ఆ తర్వాతే వీధిలోకి దిగుతుంది. నంద్యాలలో ఎత్తైన మిద్దె ఎక్కితే ఆ దిగడాన్ని అంతస్తు అంతస్తుగా తీయొచ్చు. గాలి లేని రోజున చిన్న చెరువు గట్టు మీదికి వెళ్తే ఆకాశం రెండుసార్లు దొరుకుతుంది.

శిరివెళ్ల మెట్ట దగ్గర జాతీయ రహదారి ఇంకో రకం పాఠం నేర్పుతుంది. రోడ్డుకు దూరంగా, భద్రమైన చోట ట్రైపాడ్ పెట్టి, ఐఎస్ఓ 100, ఎఫ్ 8, షట్టర్ 15 సెకన్లు పెడితే లారీలు మాయమై వాటి దీపాలు ఎర్రటి, తెల్లటి గీతలవుతాయి. వేలితో నొక్కితే కెమెరా అదురుతుంది కాబట్టి రెండు సెకన్ల టైమర్ వాడాలి. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలేస్తే కెమెరా ఎరుపును దోషమనుకుని కడిగేస్తుంది, డేలైట్‌లో పెట్టండి. ఫోనుతో తీసేవాళ్లు మెరిసే మబ్బు మీద వేలు నొక్కిపట్టి, వెలుతురు కాస్త తగ్గించాలి. నీడలోని వివరాలను తర్వాత కొంతవరకు పైకి తీయొచ్చు, తెల్లగా మాడిపోయిన ఆకాశాన్ని ఎవరూ తిరిగి తేలేరు. పొద్దు పైకి వచ్చాక టెలిఫొటో లెన్సు వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి చూడొద్దు, కన్ను పోతుంది.

టెలిఫొటో వాడేవాళ్లు 108 అంకె గుర్తుంచుకుంటే చాలు. భూమికీ సూర్యుడికీ మధ్య దూరం సూర్యుడి వ్యాసానికి ఇంచుమించు 108 రెట్లు. అందువల్ల ఏ వస్తువైనా సూర్యబింబం అంత కనిపించాలంటే దాని ఎత్తుకు 108 రెట్ల దూరం జరగాలి. గట్టు మీద నడిచే మనిషికి సుమారు 180 మీటర్లు, 20 మీటర్ల గోపురానికి రెండు కిలోమీటర్ల పైన. దగ్గరికి వెళ్లి ఎంత జూమ్ చేసినా ఈ కొలత కుదరదు, జూమ్‌తో రెండూ కలిసే పెరుగుతాయి.

ఆళ్లగడ్డలో శిల్పులు చెక్కిన దేవతామూర్తులు రోడ్డు పక్కన బారులు తీరి ఉంటాయి. అడ్డంగా వచ్చే తొలి ఎండలో రాతి మీద ఉలి గాట్లు ఒక్కొక్కటీ లేచి కనిపిస్తాయి, నగల నగిషీ తేలుతుంది. మధ్యాహ్నం నెత్తిన ఎండ పడితే అదే రాయి చదునైపోతుంది. శిల్పిని అడిగి, ఆయన పని మొదలుపెట్టే వేళకు వెళ్లి తీస్తే రాతి పొడి కూడా వెలుగుతుంది.

ఊరి బొమ్మల విలువ ఆలస్యంగా తెలుస్తుంది. 1838లో ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకడైన దగేర్ పారిస్‌లో తన కిటికీ నుంచి ఒక వీధిని తీశాడు. ఎక్స్‌పోజరు నిమిషాల తరబడి సాగడంతో బండ్లు, జనం ఏవీ పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒక మనిషి ఆకారం మాత్రం మిగిలింది. ఫొటోలో పడ్డ తొలి మనుషుల్లో అతణ్ణి లెక్కిస్తారు. పాతికేళ్లలోపే ఆ వీధిలో చాలా భాగాన్ని కూల్చి కొత్తగా కట్టారు. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన నంద్యాల కూడా అలాగే మారుతోంది. ఒకే మిద్దె మీద నుంచి, ఒకే లెన్సుతో, రెండు అయనాంతాలకూ రెండు విషువత్తులకూ ఒక్కో బొమ్మ తీసి తేదీ, వేళ, ఏ దిక్కుకు తీశారో రాసి పెట్టండి. అసలు ఫైలును దిద్దకుండా విడిగా దాచి, ప్రింటు ఒకటి ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి.