కుర్చీలు వేసుకుని చూసిన ప్రళయం

ఊరు తగలబడుతుంటే కుర్చీలు వేసుకుని చూస్తారా ఎవరైనా? చూస్తారు. నమ్మకం కలక్కపోతే ఆర్నాల్డ్ గెంథే తీసిన ఫోటో ఒకటుంది, చూడండి.

1906 ఏప్రిల్ 18న తెల్లవారుజామున 5 గంటల 12 నిమిషాలకి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో భూమి కంపించింది. ఆ వెనకే అంటుకున్న మంటలు మూడు రోజుల పాటు ఊరిని నమిలేశాయి. నాలుగు లక్షల జనాభాలో సగం మందికి పైగా నిలువనీడ లేకుండా పోయింది. ఆ మొదటి రోజునే శాక్రమెంటో వీధిలో, ఎగువన నిలబడి పల్లానికి చూస్తూ తీసిన బొమ్మ ఇది. ఒక ఇంటి ముందుభాగం అంతా ఊడి వీధిలో పడింది. దూరంగా, ఆకాశం పట్టనంత పొగ. మధ్యలో జనం. కొందరు నిలబడ్డారు. కొందరు కుర్చీల్లో కూర్చున్నారు. మంట దగ్గరికొస్తే మరికాస్త ఎగువకి జరిగి మళ్ళీ కూర్చునేవారట! 1936లో అచ్చయిన తన ఆత్మకథలో గెంథేయే చెప్పుకున్నాడు.

ఈ గెంథే జర్మనీ నుంచి వచ్చిన భాషాపండితుడు. ఊళ్ళో గొప్పవాళ్ళ ఫోటోలు తీసి పేరు తెచ్చుకున్న మనిషి. భూకంపంలో ఆయన కెమెరాలు పాడైపోయాయి. తెలిసిన దుకాణానికి వెళితే, ఎలాగూ కాలిపోయేదేగా, కావలసింది పట్టుకుపొమ్మన్నాడు యజమాని. కొడాక్ కెమెరా ఒకటి పుచ్చుకుని, జేబుల నిండా ఫిలిం చుట్టలు కుక్కుకుని వీధిన పడ్డాడు. ఆ ధ్యాసలో సొంత ఇంటి సంగతే మరిచిపోయాడు. చివరికి ఆ ఇల్లూ దక్కలేదు. ఒకరి కష్టాన్ని బొమ్మ తియ్యటానికి మనసెలా వచ్చిందని అడగబోయేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. గట్టున నిలబడి తీసిన బొమ్మ కాదిది. తానూ నిలువునా మునిగినవాడు తీసింది.

ఈ ఫోటో బలమంతా దాని నలుపు తెలుపుల్లోనే వుందని నా అభిప్రాయం. ఆ రోజుల్లో మామూలుగా దొరికే ఫిలింకి ఎరుపు సరిగ్గా ఆనదు. అందుకని ఇంత అగ్నిప్రళయంలోనూ మంట మంటలా లేదు, వట్టి పొగ. అదే రంగుల్లో అయితే మన కళ్ళు ముందు ఆ ఎర్రదనం మీదికే పరిగెత్తేవి. "అబ్బ, ఎంత మంట!" అనుకుని పేజీ తిప్పేసేవాళ్ళం. ఎరుపు లేకపోబట్టే చూపు కుర్చీల మీద ఆగింది. ఇల్లు కూలినా కాస్సేపు కూలబడటానికి ఓ చోటు కావాలిగా మనిషికి!

ఇంకొకటి. వాళ్ళలో చాలామంది మనకి వీపు పెట్టి వున్నారు. ఇటు తిరిగి ఏడవమని అడిగినవాళ్ళు లేరక్కడ. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచెత్తాక మన పత్రికల్లో వచ్చినవీ నలుపు తెలుపు బొమ్మలే. అటువంటి బొమ్మ ఏది చూసినా నేను వెతికేది ఒక్కటే. కష్టంలో వున్న మనిషికి ఇందులో మర్యాద దక్కిందా, లేదా? గెంథే బొమ్మలో దక్కింది.

అయితే ఒక పేచీ వుంది. ఆ నిబ్బరాన్ని చూసి, పరవాలేదు, పెద్ద నష్టమేం కాదనుకుంటే మోసపోతాం. ఆనాడు అధికారులు చెప్పిన మృతుల లెక్క 500 లోపే. దశాబ్దాల తరవాత ఓపిగ్గా తవ్వితీసినవాళ్ళు 3,000కి తగ్గదని తేల్చారు. మళ్ళీ డబ్బు పెట్టేవాళ్ళు జడుస్తారని, ఊరి పెద్దలు భూకంపం మాట తగ్గించి అగ్నిప్రమాదం మాటే ఎక్కువ చెప్పుకొచ్చారు. పోయినవాళ్ళెవరూ ఈ బొమ్మలో లేరు. ఇందులో వున్నవాళ్ళంతా బతికి బయటపడ్డవాళ్ళు. ఫోటో అబద్ధమాడదంటారు. నిజమే గాని, అడగందే అన్నీ చెప్పదు కూడా.

అందుకే ఈ బొమ్మని రెండుసార్లు చూడమంటాను. ఒకసారి, కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ కోసం. ఇంకోసారి, కుర్చీ తెచ్చుకుని కూర్చోటానికి మిగలనివాళ్ళ కోసం.