వార్తయు, వెలయు

పత్రిక పక్షపాతము లేక వ్రాయవలెనని పెద్దలు తఱచుగా చెప్పుదురు. మాట మంచిదే కాని, మాకది చాలదని తోచుచున్నది. 1874లో రాజమహేంద్రవరమున వెలసిన వివేకవర్ధనికి పక్షము లేకుండెనా? కందుకూరి వీరేశలింగము పంతులుగారు స్త్రీవిద్యకు బాసటగా నిలిచిరి, లంచగొండి యుద్యోగులను తూలనాడిరి. స్త్రీవిద్యను గూర్చి కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు ఆంధ్రభాషాసంజీవనిలో వారితో బాహాటముగానే వాదించిరి. మాటలు కటువుగా నుండవచ్చును. అయినను ఎవరు పలుకుచున్నారో, ఏమి కోరి పలుకుచున్నారో చదువరికి దెలిసియుండెను.

ఇక ధనము మాట. పత్రిక ధనము లేక నడువదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా నారంభించి, 1914లో చెన్నపురికి దెచ్చి దినపత్రికగా నడపిన ఆంధ్రపత్రికకు అమృతాంజనపు రాబడియే యండ. తలనొప్పి మందు సొమ్ముతో దేశవార్తలు! ఇందులో సిగ్గుపడవలసిన దేమియు లేదు. మందు ప్రకటన మందు ప్రకటనగానే కనబడినంత కాలము, కొనుటయు మానుటయు చదువరి యిష్టము.

2009 ఎన్నికలలో జరిగినది వేఱు. అభ్యర్థుల యొద్ద సొమ్ము గొని, వారి స్తోత్రములను వార్తలుగా నచ్చువేసిరని పలు తావుల నుండి ఫిర్యాదులు వచ్చెను. భారత ప్రెస్ కౌన్సిల్ ఇరువురితో ఉపసంఘము నేర్పరచెను. వారిలో నొకరు తెలుగు పత్రికారచయిత కె. శ్రీనివాసరెడ్డిగారు, రెండవవారు పరంజయ్ గుహా ఠాకుర్తాగారు. 2010లో వారు సమర్పించిన నివేదికలో పత్రికల పేళ్లు కూడ నుండెను. కౌన్సిల్ దానిని మూలనుంచి, పేళ్లు లేని క్లుప్త నివేదికను వెలువరించెను. కేంద్ర సమాచార కమీషను ఆదేశించిన పిమ్మట, 2011లో గాని కౌన్సిల్ పూర్ణపాఠమును అధికారికముగా వెలువరింపలేదు. ఒరుల గుట్టు రట్టు చేయుట తన ధర్మమని చెప్పుకొను వృత్తి, తన గుట్టును కాచుకొనుటలో ఎంత నేర్పు చూపినది!

ఎన్నికల వ్యయము దాచిన నేరమును అధికారులు విచారింతురు గాక. మా చింత, ఉదయమున కాఫీ చల్లారునంతలో పత్రిక తిరగవేయు ఇల్లాలిని గూర్చి. ఫలానా అభ్యర్థికి జనము నీరాజనములు పట్టిరని ఆమె చదివినది. ఇంటిలో పదిమందికి చెప్పినది. ఆ పంక్తులకు వెల యెవరు చెల్లించిరో ఆమె యెట్లెఱుగును? వివేకవర్ధనిని చదివి కోపించిన వానికైనను ప్రతివాదము చేయు వీలుండెను. ఈమెకు అదియు లేదు.

సొమ్ము పుచ్చుకొన్న వ్రాత నెత్తిన 'ప్రకటన' యను మాటను, వార్తాశీర్షిక యంత పెద్ద యక్షరములతో అచ్చువేయుటకు పత్రికాధిపతులకు గల యభ్యంతర మేమో, వారే చెప్పగా వినగోరుచున్నాము.