సంవత్సరం కింద చుక్క

పోయిన ఆదివారం మా మేనల్లుడు అయిదు రూపాయల బిళ్లొకటి పట్టుకొచ్చాడు. మీద వైష్ణోదేవి అమ్మవారి బొమ్మ.

"మావయ్యా, దీనికి పది లక్షలిస్తారట. వీడియోలో చెప్పారు. ముందు రిజిస్ట్రేషన్‌కి రెండు వేలు కట్టాలట."

"కట్టేశావా?"

"లేదు, నిన్నడిగి కడదామని."

బతికిపోయాడు. 2012 నాటి ఆ బిళ్ల కిరాణా కొట్టు గల్లాపెట్టెలో కూడా కనబడుతుంది. పాత నాణేలు కొంటామంటూ రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి డబ్బు గుంజేవాళ్లు ఎక్కువైతే, తమకు ఆ వ్యాపారంతో సంబంధం లేదని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది.

వాడి మొహం చూసి జాలేసింది. జేబులో చిల్లరంతా బల్లమీద పొయ్యమని, నా భూతద్దం చేతికిచ్చాను. "ధర సంగతి తర్వాత. సంవత్సరం కింద ఏముందో చూసి చెప్పు."

ఒకదాని కింద నక్షత్రం దొరికింది. అది మన హైదరాబాద్ టంకశాల గుర్తు. డైమండ్ ఆకారం ఉంటే ముంబయి. గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. నాలుగో బిళ్ల చాలాసేపు తిప్పి, "దీని కింద ఏమీ లేదు" అన్నాడు. ఏమీ లేకపోతే కలకత్తా. నాలుగు టంకశాలల్లో గుర్తు పెట్టనిది అదొక్కటే. లేకపోవడమే దాని గుర్తు.

ఇంతవరకు ఎవరైనా పది నిమిషాల్లో నేర్చుకుంటారు. తిరకాసంతా ఆ తర్వాతే. నోయిడాలో టంకశాల మొదలైంది 1988లో. మరి 1938 నాటి వెండి రూపాయి మీద చుక్క ఉంటే? అది బొంబాయిది. ఇంగ్లీషువాళ్ల కాలంలో చుక్క బొంబాయి సొత్తు. 1985 రూపాయి మీద ఇంగ్లీషు హెచ్ అక్షరం కనిపిస్తే హైదరాబాద్ అని మురిసిపోకూడదు. అది బర్మింగ్‌హామ్‌లో కొట్టించి తెప్పించుకున్న బిళ్ల. మన హైదరాబాద్ కూడా మొదట నిలువునా చీలిన డైమండ్, తర్వాత లోపల చుక్క ఉన్న డైమండ్ వాడి, చివరికి నక్షత్రం దగ్గర స్థిరపడింది. గుర్తొక్కటే చూస్తే చాలదు. ఏ ఏడాదిదో దానితో కలిపి చదవాలి.

ఈ చదువు నాకు ఆలస్యంగా అబ్బింది. మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో గుడ్డమూట ఉండేది. అందులో కాణీలు, బేడలు, పావలాలు, అయిదో జార్జి రూపాయి ఒకటి. పన్నెండేళ్ల వయసులో ఆ రూపాయి నల్లగా ఉందని చింతపండు, ముగ్గు కలిపి తోమాను. తళతళలాడింది. ఇల్లంతా తిరిగి అందరికీ చూపించాను. ఇరవై ఏళ్ల తర్వాత ఒక నాణేల వ్యాపారి దాన్ని వెలుతురుకి పెట్టి, "తోమేశారా?" అన్నాడు, పోయినవాళ్ల గురించి అడిగినట్టు. వెండి ధర కట్టిస్తానన్నాడు. 11.66 గ్రాముల తూకం, పన్నెండింట పదకొండు వంతులు వెండి. అంతకు మించి దానికేమీ మిగల్లేదు. నేను మురికి అనుకున్న ఆ నలుపు, వెండి మీద ఏళ్ల తరబడి పట్టిన పొర. దాంతోపాటు రాజుగారి కిరీటం మీది సన్నటి గీతలు కూడా చింతపండు పులుసులో కలిసిపోయాయి.

వెండి ధర లెక్క కూడా అన్ని రూపాయలకూ ఒకటి కాదు. 1940లో వెండిని సగానికి తగ్గించారు. 1947 రూపాయిలో వెండే లేదు, అది నికెల్. అయస్కాంతం పెడితే అతుక్కుంటుంది. 1938 రూపాయి దొరుకుతుంది కానీ, 1939ది దొరకడం చాలా కష్టం. అందుకే ఎనిమిదిని తొమ్మిదిగా చెక్కే చేతులున్నాయి. ఆ తొమ్మిది తోక దగ్గర భూతద్దం పెట్టకుండా ఎవరూ డబ్బు తియ్యకూడదు.

పాతదైతే ఖరీదనుకోవడం ఇంకో భ్రమ. రెండువేల ఏళ్ల నాటి శాతవాహనుల నాణేల్లో మామూలువి కొన్ని వందలకే వస్తాయి. ఎన్ని కొట్టారు, ఎన్ని మిగిలాయి, ఎంత అరిగింది, ఎంతమందికి కావాలి... ధర తేల్చేవి ఇవే. వయసు వీటి తర్వాతే.

మూటలో మిగిలినవాటిని తోమకుండా దాచాను. ఒక అణా బిళ్ల మీద విలువ నాలుగు దేశీ లిపుల్లో ఉంటుంది: ఉర్దూ, నాగరి, బెంగాలీ, తెలుగు. "ఒక అణా" అని మన అక్షరాలు. ఇంకొకటి నిజాం నాణెం. దాని మీద చార్మినార్, ద్వారం మధ్యలో ఒక్క అక్షరం. మీమ్ అయితే మహబూబ్ అలీ ఖాన్, ఐన్ అయితే ఉస్మాన్ అలీ ఖాన్. సంవత్సరం హిజ్రీలో ఉంటుంది. 0.97తో గుణించి 622 కలిపితే మన లెక్కకు దగ్గరగా వస్తుంది. 1343 వేసిన నాణెం 1924-25 నాటిదన్నమాట. మేనల్లుడు ఫోన్ తీసి గుణించి చూసుకున్నాడు.

చెల్లని రూపాయికి గీతలెక్కువ అంటారు పెద్దలు. అనుమానం వచ్చిన ప్రతి షరాబూ గీకి చూసేవాడు మరి. నా మూటలో అలాంటి గాట్లు పడ్డ రూపాయి ఒకటుంది. అది మంచి వెండే. గాట్ల వల్ల ఇప్పుడు ధర పలకదు, కానీ అన్నిసార్లు పరీక్షకి నిలబడింది. దాన్ని అమ్మను.

బుధవారం రాత్రి ఫోన్ మోగింది. "మావయ్యా, బస్సులో కండక్టర్ ఒక పాత రూపాయి ఇచ్చాడు. సంవత్సరం కింద ఏమీ కనబడటం లేదు. కలకత్తాదా, అరిగిపోయిందా?"

ఎంతొస్తుందని అడగలేదు.