టికెట్ లేని ఆట

2025 సెప్టెంబరులో ఓ ఆదివారం మాడ్రిడ్‌లో స్పెయిన్ సైకిల్ రేసు వుయెల్టా చివరి స్టేజి మధ్యలోనే ఆగిపోయింది. మూడు వారాలు కొండలెక్కి వచ్చినవాళ్లకు ముగింపు గీత దాటే భాగ్యం లేకపోయింది. గాజాలో ఇజ్రాయెల్ యుద్ధం సాగుతుంటే ఇజ్రాయెల్-ప్రీమియర్ టెక్ జట్టుకు ఇక్కడేం పనంటూ జనం బారికేడ్లు తోసి రోడ్డెక్కారు. ఆ రాత్రి ఒక హోటల్ కార్ పార్కింగ్‌లో ఐస్ బాక్సులు పెట్టి, వాటి మీదే విజేత వింగెగార్డ్‌ను నిలబెట్టారు. రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అల్మెయిదా, పిడ్‌కాక్ చెరో పక్క.

నాకు ఒళ్లు మండింది. అంతకుముందే, పదో స్టేజిలో ఎవరో రోడ్డు మీదికి ఉరికొస్తే మొవిస్టార్ జట్టు రోమో కింద పడ్డాడు. కొద్దిరోజులకు రేసే వదిలేశాడు. ఆయనేం పాపం చేశాడు?

నాదో పాత పాట ఉంది. టికెట్ లేకుండా చూడగలిగే పెద్ద ఆట సైకిల్ రేసు. మనం స్టేడియానికి వెళ్లనక్కర్లేదు, అదే గుమ్మం ముందుకొస్తుంది. అలా జనం మధ్యకొచ్చే ఆటకు రాజకీయం తగలక తప్పదు. ఈ మాట ఎత్తితే ఇటలీ సైక్లిస్టు బార్తాలి కథ చెప్పకుండా ఆగలేను.

1948 జులై 14. రోమ్‌లో పార్లమెంటు బయట కమ్యూనిస్టు నేత తొలియాత్తీ మీద ఓ విద్యార్థి తుపాకీ పేల్చాడు. ఇటలీ అంతా సమ్మె. టురిన్‌లో ఫియట్ కార్మికులు ఫ్యాక్టరీని చేతుల్లోకి తీసుకున్నారు. అంతర్యుద్ధం వస్తుందేమోనని భయం. టూర్ డి ఫ్రాన్స్‌కు ఆ రోజు విరామం. జీనో బార్తాలి కాన్‌లో ఉన్నాడు. ఇంకో నాలుగు రోజుల్లో 34 నిండుతాయి. రేసులో ముందున్న ఫ్రెంచ్ కుర్రాడు బొబే కంటే 21 నిమిషాలు వెనక. ప్రధాని దె గాస్పెరి ఫోన్ చేసి ఎలాగైనా గెలవమన్నాడని చెబుతారు. మర్నాడు చలిలో, బురదలో అల్లోస్, వార్స్, ఇజోయార్ కనుమలు దాటి బ్రియాన్సోన్‌కు ఒంటరిగా చేరాడు. ఆ మర్నాడు ముందున్నవాడికిచ్చే పసుపు జెర్సీ తొడుక్కున్నాడు. 1938లో గెలిచిన టూర్‌ను పదేళ్లకు మళ్లీ గెలిచాడు.

ఇటలీని కాపాడింది సైకిలేనని మాలాంటి సైకిల్ పిచ్చోళ్లం ఇప్పటికీ రొమ్ము విరుచుకుంటాం. అసలు తనవాళ్లను శాంతంగా ఉండమన్నది తొలియాత్తీయే. 16న సమ్మె విరమించింది కార్మిక సంఘమే. రగిలిపోతున్న జనం రేడియో చుట్టూ చేరడానికి బార్తాలి ఇంకో కారణం ఇచ్చాడు, అంతే. అదేం చిన్న పని కాదు.

మరి రాజకీయం చల్లారితే ఆట గొప్పదనం, రాజుకుంటే ఆటకేం సంబంధం అంటే ఎలా? అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐదీ ఇదే తంతు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, 2022 మార్చిలో రష్యా గాజ్‌ప్రోమ్ జట్టు గుర్తింపు తీసేసింది. వుయెల్టా తర్వాతేమో ఆటను రాజకీయాలకు వాడుకోవద్దని బోధించింది. ఆ నెలలోనే రువాండా రాజధాని కిగాలీలో ప్రపంచ రోడ్ సైక్లింగ్ చాంపియన్‌షిప్ జరిగింది. ఆఫ్రికాలో అదే తొలిసారి. నాకు ఎంత సంబరమైందో చెప్పలేను. కాని పక్కనున్న కాంగోలో ఎం23 తిరుగుబాటుకు రువాండా అండగా ఉందని, తీరు మార్చుకోకపోతే ఆ పోటీలు రద్దు చేయాలని యూరప్ పార్లమెంటు ఆ ఏడాది ఫిబ్రవరిలోనే అడిగింది.

మిత్రుడొకాయన ఫోన్ చేసి, “దారంతా కంచె వేసి టికెట్ పెడితే పీడా పోతుంది కదండీ” అన్నారు. పోతుంది, పిల్లాణ్ణి భుజాన ఎక్కించుకుని వచ్చే తండ్రి కూడా పోతాడు. జెండా పట్టుకుని రోడ్డు పక్కన నిలబడటం వేరు, దూసుకొచ్చే సైకిల్‌కు అడ్డం పడటం వేరు. రోమోను పడేసినవాళ్లను నేను వెనకేసుకురాను. కాని కంచె కావాలా, ఆగిపోయిన స్టేజి కావాలా అంటే, స్టేజి పోతే పోయిందంటాను. ఏ జట్టు ఉండాలో గదిలో కూర్చుని తేల్చాల్సింది యూసీఐ. అది తేల్చకుండా రోడ్డు మీదికి వదిలేసింది కాబట్టి రోడ్డు మీది జనమే తేల్చారు.