వంతపాటకు వయసు అడ్డమా?

పల్నాట్లో డెబ్బై దాటినవాళ్లు నలుగురు కూర్చున్నచోట పల్నాటి యుద్ధం కథలోని గురజాల మంత్రి నాయకురాలు నాగమ్మ పేరెత్తి చూడండి. అరగంట దాకా మీరు మళ్లీ నోరు తెరవక్కర్లేదు. గురజాల వైపు మనిషైతే "ఆడది మంత్రిగిరీ చేస్తే ఓర్వలేక అల్లిన కథలయ్యా అయ్యన్నీ" అంటాడు. మాచర్ల మనిషి ఊరుకుంటాడా? అన్ని కులాలనూ ఒక్కచోట కూర్చోబెట్టి తినిపించిన చాపకూడు దగ్గర మొదలుపెట్టి, మాల కన్నమదాసును సేనానిని చేసిన మాచర్ల మంత్రి బ్రహ్మనాయుణ్ణి చెన్నకేశవస్వామి సరసన కూర్చోబెట్టేదాకా వదలడు. ఇంకొకాయన కల్పించుకుని 1947 'పల్నాటి యుద్ధం' సినిమాలో కన్నాంబ నాగమ్మ ముందు 1966లో భానుమతి నాగమ్మ ఏ మూలకి అంటాడు. ఆ పక్కాయన భానుమతి అభిమాని. ఇక చూస్కోండి. నేను బ్రహ్మనాయుడి పక్షం, ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది.

ఆ నలుగుర్నీ తీసుకెళ్లి ఏ వృద్ధాశ్రమంలోనో చేర్చండి. నెల తిరక్కుండానే ప్లాస్టిక్ కుర్చీల వరసలో, గోడకు బిగించిన టీవీ ముందు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చుని ఉంటారు. తిండికి లోటుండదు. బీపీ మాత్ర వేళకు వస్తుంది. పొద్దు మాత్రం పోదు.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు ఉండాలన్నది అందులోని మాట. ఆ ఆశ్రమాల్లో వైద్యంతో పాటు వినోదానికి కూడా ఏర్పాట్లు ఉండాలని ఆ చట్టమే చెబుతుంది. వినోదం అన్న మాట కనబడగానే మనవాళ్లకు తట్టింది టీవీ! నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా పుట్టింది. ఇంత కథ ఉన్న జిల్లాలో ముసలివాళ్లకు మనం ఇచ్చే వినోదం అత్తాకోడళ్ల సీరియలు.

మా దగ్గర బుర్రకథ ఉంది.

ముగ్గురు మనుషులు చాలు. నడుమ కథకుడు. భుజాన తంబుర, కుడిచేతి వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. అటొకరు ఇటొకరు వంతలు, వాళ్ల చేతుల్లో గుమ్మెటలు. ఒక వంత హాస్యం, రెండో వంత రాజకీయం. కథకుడు ముందుకు నాలుగడుగులు, వెనక్కి నాలుగడుగులు వేస్తూ చరణం అందుకుంటాడు. చరణం చివర వంతలు తందాన అంటూ అందుకుని అతనికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తారు. ఆ వ్యవధిలోనే ఉంది విద్యంతా. కథ శోకంలో మరీ లోతుకు పోతుంటే హాస్యగాడు ఒక్క వెటకారంతో జనాన్ని ఒడ్డుకు లాగుతాడు. వినేవాడికి అర్థం కాలేదనిపిస్తే రాజకీయంవాడు తనకే తెలియనట్టు ప్రశ్న వేస్తాడు. కథకుడు జవాబు చెబుతాడు. అంటే అసలు శ్రోత వేదిక మీదే ఉన్నాడన్నమాట. వినేవాడికి ఒక పాత్ర ఇచ్చి, వాడు లేకపోతే కథ నడవకుండా కట్టిన కళ ఇది.

తంబుర బుర్రను ఆనపకాయతో చేసేవారని కొందరు, కర్రతో తొలిచేవారని కొందరు చెబుతారు. గుమ్మెట మట్టిదీ ఉంది, ఇత్తడిదీ ఉంది. పాతకాలపు జంగం కథల్లోంచి ఇది పుట్టిందనీ, అక్కడ కథ చెప్పే జంగానికి ఇంటి ఆడవాళ్లే వంతలనీ పెద్దల మాట. ఆ చరిత్రకు పండితులున్నారు, వాళ్లకు వదిలేద్దాం. నాకు బుర్రకథకుడు నాజర్ గురించి చెప్పాలని ఉంది.

షేక్ నాజర్‌ది గుంటూరు దగ్గర పొన్నెకల్లు. 1920లో పుట్టాడు. దూదేకుల ఇంటి బిడ్డ. చిన్నతనంలో నరసరావుపేటలో సంగీతం నేర్చుకున్నాడని చెబుతారు, ఆ గొప్ప మాకు చాలు. వామపక్ష కళాకారుల ప్రజానాట్యమండలి రోజుల్లో బెంగాల్ కరువు మీద కథ కట్టి చెబితే కూలీనాలీ చేసుకునేవాళ్లు కూడా పైట కొంగుల్లోంచి డబ్బులు విప్పి ఇచ్చారట. పల్నాటి యుద్ధం అతను చెబుతుంటే బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు యుద్ధానికి బయల్దేరే ఘట్టంలో గొంతు ఒకవైపు, అడుగు ఒకవైపు, అందెలు ఇంకోవైపు నడిచేవి. మూడూ కలిసి ఒకే క్షణాన తాళం మీద వాలేవి. విన్నవాళ్లు ఇప్పటికీ చేతులు తిప్పుతూ చెబుతారు. శాస్త్రీయ సంగీతం వచ్చినవాడు జానపదం పాడితే సాధారణంగా జానపదం చస్తుంది. నాజర్ దగ్గర అది ఇంకా బలిసింది. 1953లో డాక్టర్ గరికపాటి రాజారావు తీసిన 'పుట్టిల్లు' సినిమాలోనూ కథ చెప్పాడు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు, 1997లో పోయాడు. 'పింజారి' అన్న పేరుతో వచ్చిన ఆత్మకథ చదవనివాళ్లు ఈ వ్యాసం ఇక్కడ ఆపేసి అది చదివినా నేనేమీ అనుకోను. బుర్రకథలో నాజర్‌కి ముందు, తర్వాత అని రెండే కాలాలు. వేరే జిల్లాల వాళ్లకు కోపం వస్తే రానివ్వండి.

ఆడవాళ్లూ తక్కువ తినలేదు. 1940ల్లో మోటూరి ఉదయం, తాపీ రాజమ్మ, చింతల కోటేశ్వరమ్మ ముగ్గురూ దళం కట్టి ఊరూరా కథలు చెప్పారు. ఆడపిల్ల గడప దాటితేనే గుసగుసలాడే రోజులవి.

పల్నాటి వీరులను కొలిచే కారంపూడి వీర్ల గుడి సంగతి వేరే ఉంది. అక్కడ కథ చెప్పే వీరవిద్యావంతులది బుర్రకథ పద్ధతి కాదు, ఆరాధన పద్ధతి. కార్తీక అమావాస్యకు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదురోజులు తిరునాళ్ల సాగుతుంది. జీన్ రోఘైర్ అనే అమెరికా ఆయన 1974లో అలిసెట్టి గాలెయ్య అనే గాయకుడి నోట పల్నాటి కథంతా రికార్డు చేసుకుని 1982లో ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చాడు. అంత కథ ఒక్క మనిషి నోట్లో ఉంది! ఇప్పుడు మన పిల్లలకు సొంత ఫోన్ నంబరు కూడా నోటికి రాదు.

ఇక ముసలివాళ్ల దగ్గర ఈ విద్య ఎలా పనిచేస్తుందో చూసిన ముచ్చట. మా వైపు ఒక ఆశ్రమంలో సాయంత్రం టీ అయ్యాక కథ పెట్టారు. కథకుడు అరవై దాటిన మనిషి, పేరున్నవాడేమీ కాదు, కానీ పని తెలిసినవాడు. వస్తూనే కుర్చీల వరసలు తీయించి అర్ధచంద్రంలా వేయించాడు. చెవుడున్నవాళ్లను గుమ్మెట పక్కన కూర్చోబెట్టాడు. మాట అందకపోయినా దెబ్బ గుండెకు తగులుతుందట. మైకు వద్దన్నాడు. ట్యూబులైటు తమ మొహాల మీద పడేట్టు నిలబడ్డారు ముగ్గురూ, పెదాలు కనబడితే సగం వినబడినట్టే కదా.

నాగమ్మ, బ్రహ్మనాయుడు పుంజుల్ని పందెంలోకి దింపే కోడిపోరు ఘట్టం. "బెమ్మనాయుడు సివంగిడేగను చంకనెత్తుకుని..." అన్నాడు కథకుడు. మూల మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న ఒక పెద్దామె లేచి కూర్చుంది.

"ఏందిరా అబ్బాయ్, నీకు కథ నేర్పినోడెవడు? సివంగిడేగ నాగమ్మదిరా!"

"తప్పయింది పెద్దమ్మా. మరి మన నాయుడిదేందో నువ్వే చెప్పు."

"చిట్టిమల్లు!"

వంతలిద్దరూ ఆ పేరునే పట్టుకుని తందాన అందుకున్నారు. తర్వాత అడిగితే కథకుడు నవ్వాడు. కావాలనే తప్పు చెబుతాడట. ఎక్కడికెళ్లినా కథకు రెండు మూడు తప్పులు దాచుకుని పోతాడు. ఇంకో కిటుకు, కథను ఎప్పుడూ పూర్తిచెయ్యడు. కోడి ఇంకా నేల మీద పడకముందే మంగళం పాడేస్తాడు. మర్నాడు ఆ పెద్దామె మళ్లీ గోడవైపు తిరిగి పడుకుందని అక్కడి ఆయా చెప్పింది. అద్భుతాలేమీ జరగలేదు. కాకపోతే భోజనాల దగ్గర ఇద్దరు తాతలు కోడికత్తుల గురించి పోట్లాడుకున్నారట, మరుసటి వారం కథ ఎన్నింటికని ఆమే అడిగిందట.

మనుషులకు మాట మరుపుకొచ్చినా పాట మిగులుతుందని వైద్యులూ అంటున్నారు. సత్య హరిశ్చంద్ర నాటకం చూసి పెరిగిన తరం ఇది. మన వినుకొండ జాషువా రాసిన శ్మశాన పద్యాలు కాటిసీనులో వినని ముసలాయన ఈ జిల్లాలో ఉండడు. సగం పాడి ఆపండి, మిగతా సగం ఎవరో ఒకరు అందుకుంటారు.

ప్రతి మనిషికీ ఒక పాత్ర ఉండాలి, వాడు లేకపోతే పని నడవకూడదు అన్న ఈ బుర్రకథ సూత్రాన్ని నిత్యజీవితంలో గట్టిగా పట్టుకున్నవాళ్లు యూదులు. సామూహిక ప్రార్థన పూర్తిగా జరగాలంటే పదిమంది ఉండాలి వాళ్లకు. తొమ్మిదిమంది పండితులున్నా కుదరదు, పదో మనిషి రావాలి. అందుకే యూదుల వృద్ధాశ్రమంలో కర్ర పట్టుకుని నడిచే తొంభై ఏళ్లాయన గది తలుపు తట్టి పిలుస్తారు. జాలితో కాదు, ఆయనతో పని ఉంది. శుక్రవారం పొద్దు గూకే ముందు విశ్రాంతిదినమైన సబ్బాతు దీపాలు వెలిగించాలి, ఆ వారం చదవాల్సిన తోరా అనే పవిత్ర గ్రంథ భాగం మీద వాదించుకోవాలి. వారం మొత్తానికి ఒక ఆకారం ఉంటుంది. అమెరికాలో బార్బరా మయర్‌హాఫ్ అనే మానవశాస్త్రవేత్త లాస్ ఏంజెలెస్ వెనిస్ సముద్రతీరాన ఇజ్రాయెల్ లెవిన్ సెంటరుకు వచ్చే యూదు వృద్ధుల మధ్య కూర్చుంది. వాళ్ల జీవితాలు వాళ్ల నోటనే చెప్పించే తరగతులు నడిపింది. తూర్పు ఐరోపా నుంచి వలసొచ్చిన ఆ దర్జీలూ కూలీలూ ఒకరి కథను ఒకరు ఖండించుకుంటూ, దెబ్బలాడుకుంటూ చెప్పారు. దాని మీద తీసిన 'నంబర్ అవర్ డేస్' డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చింది, అదే పేరుతో పుస్తకం 1978లో వచ్చింది.

యూదులు ఎక్కడో ఉన్నారనుకోకండి. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ యూదులున్నారు. 1991 నుంచి అక్కడ వాళ్లకో ప్రార్థనామందిరం ఉంది, శనివారం సబ్బాతు పాటిస్తారు. ఒకసారి వెళ్లి చూసి రండి, గుంటూరు మీదుగా పోవచ్చు.

ఇప్పుడు నా కడుపుమంట. బుర్రకథ పేరుతో ఈ మధ్య జరుగుతున్నదేమిటి? మెరుపు అంచుల అంగీలు తొడుక్కుని, తంబురను అలంకారానికి భుజాన వేసుకుని, వెనక రికార్డు ట్రాకు వేసి పెదాలాడిస్తున్నారు. పథకాల ప్రచారానికి పది నిమిషాల కథ! బాలచంద్రుడి గొంతుతో మరుగుదొడ్ల లెక్కలు! బ్రిటిష్ సర్కారూ నిజాం సర్కారూ ఈ కళకు భయపడి నిషేధించాయి. మనం నిషేధించలేదు, అంతకన్నా హీనంగా కిరాయికి పెట్టుకున్నాం. తిరునాళ్లలోనూ అంతే. కోటప్పకొండ ప్రభల ముందు కథలు చెప్పిన చోట ఇప్పుడు డీజే పెట్టెలు. హాస్యం వంతంటే ఆడవేషం వేసి బూతులాడటమని ఒక తరం అనుకుంటోంది. హాస్యగాడు త్రాసు ముల్లులాంటివాడు, కథ ఎటు ఒరుగుతుందో అతని మొహం చూసి తెలుసుకోవాలి. ఆ సంగతి చెప్పేవాడు లేడు, చెబితే వినేవాడు లేడు.

ఆశ్రమాలకు వచ్చే దాతల సంగతి ఇంకా వింత. పుట్టినరోజుకి ఫ్లెక్సీ కట్టి, లడ్డూలు పంచి, షుగరున్న ముసలాళ్ల చేతుల్లో అవి పెట్టి ఫొటోలు దిగిపోతారు. ఒక దాత ఆర్కెస్ట్రా తెచ్చాడు. రెండు గంటలు ఐటం పాటలు. మధ్యలో ఒక తాత మెల్లగా లేచి గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. "పెద్దాయనకి సౌండు పడదేమో" అన్నారు నిర్వాహకులు. సౌండు కాదయ్యా, అక్కడ ఆయనకు పనేమీ లేదు!

బుర్రకథ చెప్పగలిగిన దళాలు ఇంకా ఉన్నాయి. కథకులకు అరవై దాటింది, వంతలు దొరక్క ఇంట్లో కూర్చున్నారు. ఆశ్రమాల్లో కథ తెలిసిన చెవులున్నాయి. ఈ ఇద్దర్నీ కలపడానికి ఏ పథకమూ అక్కర్లేదు, ఒక ఆటో చాలు. మీ ఇంట్లో ఈ ఏడు పుట్టినరోజో తద్దినమో వస్తే లడ్డూలు మానేసి ఒక దళాన్ని పిలవండి. బేరమాడకండి, దళంలో ముగ్గురికీ సరిపడా ఇవ్వండి. రికార్డు ట్రాకు తెస్తామంటే వద్దనండి. ఒక్క సాయంత్రంతో సరిపెట్టకుండా వారానికో ఘట్టం చొప్పున పల్నాటి కథ మొత్తం చెప్పించండి. ఫొటో తీసుకునేది తర్వాత, ముందు ముసలాళ్ల పక్కన కూర్చుని మీరూ వంత పాడండి. నాగమ్మ పక్షమైనా సరే.