బొమ్మ ఎవరిది, కథ ఎవరిది?

చేర్యాల పటాల గురించి రాసే విమర్శకులు ఎర్రటి నేలరంగునీ, పూలతీగెల అంచునీ మెచ్చుకుంటారు. జాంబపురాణం పటాన్ని మాదిగల ముందు విప్పి కథ చెప్పే డక్కలివాళ్ళ ఊసు మాత్రం ఎత్తరు. పటం గీసేది నకాషీలు, చెప్పేది డక్కలివాళ్ళు, కథ మాదిగలది. భూమి పుట్టకముందే జాంబవుడు పుట్టాడంటుంది ఆ కథ. అంటే ఊరు వెలివేసినవాళ్ళే అందరికన్నా పెద్దవాళ్ళని వాదిస్తుంది. ఆ వాదన తీసేస్తే మిగిలేది గోడకు అలంకారమే.

ఆస్ట్రేలియా ఆదివాసీ స్త్రీల చిత్రాలకూ ఇదే గతి పట్టింది. అక్కడి యుటోపియా ప్రాంతపు స్త్రీలు తమ ‘అవెల్యె’ క్రతువులో పాడుతూ రొమ్ముల మీద, భుజాల మీద గీతలు గీసుకుంటారు. ఎమిలీ కామే ఉంగ్వారే (మరణం 1996) ముసలితనంలో ఆ గీతల్నే కాన్వాసు మీదికి తెచ్చింది. ‘కామే’ అంటే ఆమె నేలలో పెరిగే ఒక దుంపతీగ గింజ. ఆమె 1994లో వేసిన ఒక చిత్రం 2017లో ఇరవై లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా పలికింది. చాలామంది విమర్శకులు మాత్రం ఆమె గీతల్ని యూరప్, అమెరికాల నైరూప్య చిత్రకళ పక్కన పెట్టి కొలిచారు. ఆ గీతలు గీసే హక్కు ఆమెకు తన నేల నుంచి, తన ఆడవాళ్ళ నుంచి వచ్చిందన్న సంగతి వెనక్కిపోయింది.

హక్కు మాట ఎత్తితే ఏమవుతుందో బండుక్ మారికా చూపించింది. తన తెగ పవిత్ర నీటిగుంట బొమ్మను అడక్కుండా తివాచీల మీద నేయించి అమ్మారు. పవిత్రమైనది జనం కాళ్ళకింద పడింది. ఆమె, మరికొందరు కళాకారులు కోర్టుకెక్కి 1994లో గెలిచారు. సాంస్కృతికంగా జరిగిన గాయాన్ని కూడా కోర్టు పరిహారంలో లెక్కగట్టింది. అయితే కాపీరైటు కళాకారుల పేరనే నిలిచింది. తెగకు సొంతమైన హక్కు చట్టం బయటే ఉండిపోయింది.

మన దగ్గరా అంతే. చేర్యాల పటాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అందులో డక్కలివాళ్ళ మిరాసికి చోటు లేదు. చిన్న పటాలు, ముఖోటాలు అమ్ముకుంటున్న నకాషీలను మేం తప్పుబట్టడం లేదు, అది వాళ్ళ బతుకుతెరువు. మా ప్రశ్న మ్యూజియాలకూ, విశ్వవిద్యాలయాలకూ. పటం కింద చిత్రకారుడి పేరుతోపాటు కథకుడి పేరు, ఆ కథ ఏ కులానిదో ఎందుకు రాయరు? అమ్మకంలో కథకుడికి వాటా ఎందుకుండదు?

ఇక మనల్ని మనం అడగాల్సినది కూడా ఉంది. చిందు ఎల్లమ్మ (మరణం 2005) లాంటి ఒకరిద్దరిని తప్పిస్తే, మన కులకథల్ని మోసిన ఆడవాళ్ళ పేర్లు మన పరిశోధనల్లోనైనా ఎన్ని ఉన్నాయి? రామాపురం లాంటి తీరపు పల్లెల నుంచి, ఇంటికి మొదటి పట్టభద్రులుగా వచ్చిన మాబోటివాళ్ళం ముందుగా చెయ్యాల్సిన పని ఆ పేర్లు రాసుకోవడమే.